కరకర లేని సంగీతం

రికార్డింగ్ గదిలో ఇద్దరే ఉన్నారు. ఎక్కడినుంచో ఓడెక్కి వచ్చి ఈ దేశం సినిమాలకి సంగీతం కడుతున్న ఓడ మాస్టారు ఒకరు, ఆయనకి మొదటి అవకాశమిచ్చిన నిర్మాత ఇంకొకరు.

“మళ్ళీ వినిపించనా సార్?”

“వద్దు మాస్టారూ. ఒకసారికే కునుకొచ్చింది. సీనేంటి?”

“అత్తాకోడళ్ళు చెవులు కొరుక్కుంటున్నారు.”

“మరి కరకర ఏది?”

“కరకర ఎందుకు సార్? చెవులు కొరుక్కోవడమంటే గుసగుసలు. అందుకే మెత్తగా వయొలిన్ పెట్టా.”

“మొదటి సినిమాలో ఇదే మాటకి ఎండు రొట్టె నమిలి రికార్డు చేశావు. జనం ఈలలేశారా లేదా?”

“అప్పుడు నాకు భాష రాదు సార్.”

“రాదు గనకే హిట్టు కొట్టావు. ‘ఆమె గుండె రాయి చేసుకుంది’ అని రాస్తే ఏం చేశావు?”

“కంకర మిషను పెట్టించా.”

“హీరోయిన్ ఏడుస్తుంటే వెనకాల కంకర మిషను. హాలంతా పడీపడీ నవ్వింది. ఏడుపు సినిమా కాస్తా కామెడీ అయి కూర్చుంది. ‘ముసలాయన తలుపుకి తాళం వేశాడు’ అంటే?”

“అది వదిలెయ్యండి సార్.”

“చెప్పవయ్యా.”

“డప్పులు.”

“ముసలాయన తలుపేసుకుంటుంటే డప్పులు. జనం సీట్లెక్కి గంతులు. ఇప్పుడేమో ఏ మాటకి ఆ వాయింపు. ఈమాత్రం కట్టేవాళ్ళు ఈ వీధిలోనే ఉన్నారు, ఓడలో వచ్చినవాడెందుకు నాకు?”

“అంటే?”

“అంటే, శుక్రవారంలోగా నేర్చుకున్న భాష మర్చిపో. లేదా వేరేవాణ్ణి చూసుకుంటా.”

“పని పోతే నన్నిక్కడ ఉండనివ్వరు సార్. తిరుగు ఓడ ఎక్కించేస్తారు.”

“తెలుసు. నాకేమన్నా సరదానా? అందుకే మర్చిపొమ్మంటున్నా.”

“ఎలా మర్చిపోను?”

“నేర్పినాయన్ని పిలు. నేర్పిందంతా వెనక్కి తీసుకోమందాం.”

“ఆయన కాదు సార్. ఆవిడ.”

“ఓహో. టీచరమ్మా?”

“టీచరని కాదు. పార్కులో చెప్పేది.”

“పార్కులో పాఠమేంటి?”

“వానొస్తే టీ కొట్లో.”

“నీళ్ళు నమలకు.”

“ఆ మాటకి అర్థం తెలుసు సార్. అదే చేస్తున్నా.”

“అబ్బబ్బ, ఇది కూడా నేర్పేసిందా. పేరు చెప్పు, ఏమీ అనను.”

“నిజంగా ఏమీ అనరా, బావగారూ?”

“ఏమన్నావు? బావగారా? హమ్మయ్య, కడుపులో పాలు పోశావు మాస్టారూ. పోతోంది, భాష పోతోంది. ఎవర్ని ఏమని పిలవాలో అప్పుడే మర్చిపోయావు.”

“లేదండీ, సరిగ్గానే పిలిచా. మొన్న రిజిస్టరాఫీసులో సంతకాలయ్యాక, మిమ్మల్ని అలాగే పిలవాలని మీ చెల్లెలే చెప్పింది.”