రత్నం సారు వంతు

"తాతా, పొద్దున రోడ్డు మీద ఒక కరెంటు స్తంభం దాకా 'నారసింహా' అనుకుంట నడుస్తవ్, మల్ల ఇంకో స్తంభం దాకా నోరు మూసుకుంటవ్. ఎందుకు గట్ల?"

గదేనా నువ్వు అడిగేది? ఇన్నొద్దులకు ఒక్కరన్న అడిగిన్రు. మీ అమ్మయితే నాయనకు యాది తప్పుతుందనుకుంటున్నది. కూసో బిడ్డా, ఈ మెట్ల మీద కూసో. ఆ ఫోన్ల నా గొంతు మంచిగ వస్తుందా? జర దగ్గరికి పెట్టు. కరోనా వచ్చి పోయినకాంచి గొంతుల ఒకటే గరగర. ఒకప్పుడు నేను భజనల గొంతెత్తితే... సరే, అది గూడ ఈ ముచ్చట్లనే వస్తది.

ఇది ఇయ్యాల్టి అలవాటు గాదు. తెలంగాణ కొట్లాట నడిచిన దినాలది. నువ్వప్పుడు మీ అమ్మ సంకల ఉన్నవ్. గాదు గాదు, నడుస్తున్నవ్, మా గేటు పట్టుకొని ఊపుతుంటివి. ఆ యేడు స్వైన్ ఫ్లూ అని వచ్చింది. కరోనాకు అక్క అనుకో. జనం ముక్కులకు దస్తీలు కట్టుకొని బస్సులెక్కుతుండె. నేను బస్సు డ్రైవర్ నౌకరీల రిటైరై ఎక్కువ దినాలు కాలే. నాకొచ్చింది. మా గల్లీలనే ఉండే రత్నం సారుకు గూడ వచ్చింది. ఇద్దరం ఒక్క దవాఖాన, పక్కపక్క మంచాలు.

రత్నం సారు ఎవరో నీకు తెలువదు గదా. ఆంధ్రాయన, తెనాలి దిక్కు. దిల్‌సుఖ్‌నగర్ల మ్యాచింగ్ సెంటర్ ఉండె ఆయనకు, జాకెట్ గుడ్డలు, ఫాల్సులు. మీ అమ్మమ్మ ఆ దుకాణంల కూసుంటే ఇగ లేవకపోయేది. మీర్‌పేట్ల మేం ప్లాటు కొన్నప్పుడే ఆయన గూడ కొన్నడు. అప్పటి గజం ధర చెప్తే నువ్వు నవ్వుతవ్. రాళ్లు, తుమ్మచెట్లు, పాములు. నల్లగొండకెంచి వచ్చిన మేము, తెనాలికెంచి వచ్చిన వాళ్లు, ఒక్క బోరు నీళ్లే తాగినం.

ఆఁ, జ్వరం. తగ్గింది గని కాళ్లల్ల జీవం లే. గోడ పట్టుకోకుంట బాత్రూంకు పోలేకపోతి. డాక్టరమ్మ ఏమన్నదంటే, "జ్వరం పోయింది గని మంచంల పంటే ఊపిరి ముడుచుకపోతది. రోజూ జర జర నడువుండ్రి, నలుగురిల కూసోండ్రి, మాట్లాడుండ్రి" అన్నది. చెప్పుడు అల్కనే. నాలుగడుగులేస్తే రొమ్ము కొలిమి తిత్తి లెక్క ఎగపోసుకునేది.

అప్పుడు సారే ఒక ఉపాయం చెప్పిండు. శనివారం భజనల నేను ముందు అంటే ఆయన వెనుక అందుకునేటోడు. "యాదగిరి గారూ, భజన చేసినట్టే నడుద్దామండీ" అన్నడు. ఈ స్తంభంకెంచి ఆ స్తంభం దాకా నేను 'నారసింహా' అనాలె, ఆయన సప్పుడు చేయకుంట ఊపిరి పీల్చుకోవాలె. ఆడికెంచి ఇంకో స్తంభం దాకా ఆయన 'గోవిందా' అనాలె, నేను పీల్చుకోవాలె. మొదట్ల గల్లీ చివర కల్వర్టు కాన్నే కూలబడేటోళ్లం. "బస్సు నడిపిన కాళ్లండీ మీవి, బ్రేకు తొక్కడమే వచ్చు" అనేటోడు. "కూసొని గుడ్డ చింపినోనివి, నువ్వేం చెప్తవ్ సారూ" అనేటోన్ని. గట్ల కొట్లాడుకుంట కొట్లాడుకుంట అల్మాస్‌గూడ మలుపు దాకా పోయినం. ఆడ ఇంట్లోళ్లకు తెలువకుంట మిర్చి బజ్జీలు. మీ అమ్మమ్మ మా మూతులు చూసి పట్టేసేది.

ఇగ చలికాలం వచ్చేవరకు కొట్లాట జోరైంది. చౌరస్తల టెంటు ఏసిన్రు. దీక్షలు, బందులు, రోడ్ల మీదనే వంటలు. నేను గూడ పోయి టెంటుల కూసుంటుంటి. మా ఊరి ఫ్లోరైడు నీళ్లకు మా నాయన నడుము వంగింది, మల్ల లేవలే. మంచినీళ్ల కోసమన్న రాష్ట్రం రావాలె అనుకున్న.

ఒకనాడు సారు దుకాణం కాడ ఎవడో, మన గల్లీ పిలగాడు గాదు, "ఇగ మీ ఊరికి పో సారూ" అన్నడట. అంతే. తెల్లారి సారు నడువనీకి రాలే. మర్నాడు రాలే. కిటికీలు మూసే ఉన్నయ్. ఆయన భార్య అన్నపూర్ణమ్మ గారు గేటు లోపల్నుంచే, "ఒంట్లో బాగోలేదు అన్నయ్య గారూ" అన్నది. నా మీద కోపమొచ్చిందనుకున్న. లేకుంటే భయపడ్డడనుకున్న.

ఒక్కన్నే నడువబోతి. నా వంతు అయిపోతది, అవుతలి వంతు అందుకునేటోడు లేడు. ఆగకుంట నేనే అంటే ఊపిరందదు. ఆగితే గుబులు. నాకు తెలంగాణ కావాలె, సారు గూడ కావాలె. రెండూ అడుగుడు తప్పా బిడ్డా? స్వామిని గూడ గిదే అడిగిన.

ఇగ రోజూ పొద్దున వాళ్ల గేటు కాడ నిలవడి 'నారసింహా' అనుడు వెట్టిన. సప్పుడు లేదు. ఒకనాడు అన్నపూర్ణమ్మ గారు బయటికొచ్చింది, కండ్లు ఉబ్బి ఉన్నయ్. "మంచం దిగట్లేదండీ. అన్నం కూడా మంచం మీదే. పిలవడం మాత్రం మానొద్దు అన్నయ్య గారూ" అన్నది.

మల్ల ఒక బందు నాడు. రోడ్డు మీద బండి లేదు, దుమ్ము గూడ లేవలే. గేటు కాడ పిలిచిన. లోపల్నుంచి... సన్నగ... "గోవిందా."

లోపలికి పోయిన. మనిషి సగమైండు. "ఏంది సారూ, నా మీద కోపమా?" అంటే ఏమన్నడు తెలుసా?

"కోపమెందుకండీ? మీరు ఆ టెంటులో కూర్చునే మనిషి. నాతో కలిసి నడిస్తే మీవాళ్లు మిమ్మల్ని ఏమైనా అంటారేమోనని. నా మూలంగా మీకు మాట రాకూడదు గదండీ."

చూసినవా బిడ్డా... భయం ఆయన కోసం గాదు, నా కోసం. టెంటుల నన్ను ఎవ్వడు ఏమనలే. పైంగ, "తాతా, నీ జోడీ ఏడి, కనవడ్తలేడు" అని అడుగుతుండె పిల్లలు. ఆ ముచ్చట చెప్తే సారు గోడ దిక్కు తిరిగిండు.

తెల్లారి వచ్చిండు. నా భుజం పట్టుకొని, స్తంభం స్తంభానికి ఆగుకుంట టెంటు దాకా. పిల్లలు లేసి కుర్సీ ఇచ్చిన్రు. అండ్ల ఒకడు, "సారూ, మా అమ్మ జాకెట్లన్ని మీ దుకాణం గుడ్డలే" అన్నడు. సారు నవ్విండు. ఆ నవ్వు దగ్గయింది, ఎంతకూ ఆగలే.

మంచంల పోయిన ఊపిరి వాపస్ రాలే బిడ్డా. మామిడిపండ్లు రాకముందే పోయిండు. టెంటు పిల్లలే పాడె మోసిన్రు. నేను ముందు 'నారసింహా' అంటే వాళ్లు వెనుక 'గోవిందా' అన్నరు. పెద్దగనే అన్నరు, మంచిగనే అన్నరు. గని నా ఊపిరికి అది కుదురలే.

తెలంగాణ వచ్చిన్నాడు ఊరంత పటాకులు. నేను ఒక్కన్నే అల్మాస్‌గూడ మలుపు దాకా పోయి, "వచ్చింది సారూ" అని చెప్పొచ్చిన. ఉంటే "శుభం యాదగిరి గారూ, ఇవాళ బజ్జీలు మీవేనండీ" అనేటోడు.

మొన్న కరోనాల మీరు నన్ను ఒక్క అర్రల తలుపేసి ఉంచిన్రు. తప్పు గాదు, పానం కాపాడిన్రు. జ్వరం పోయినంక గూడ నాకు బయటికి రాబుద్ధి కాలే. మంచంల హాయిగనే ఉండె. ఆ హాయికే భయమేసింది. సారు మంచం యాదికొచ్చింది. లేసిన. గోడ పట్టుకొని, గేటు పట్టుకొని...

పా, ఎండెక్కుతుంది. లేవు బిడ్డా. చెయ్యియ్యి. స్వామి నీ రొమ్ముల ఊపిరి సల్లగ ఉంచాలె, పక్కపొంటి నడిచేటోళ్లను కడదాక ఉంచాలె. నారసింహా... నారసింహా...

"తాతా, ఇగ నేను అంటా, గోవి..."

వద్దు బిడ్డా. స్తంభం వచ్చింది. సప్పుడు చేయకు. ఆ ముందటిదాని దాకా ఆయనది.