ముప్పై అయిదు గజాలు

అమెరికాలో, కెంటకీ కొండమీద, హికరీ చెట్ల కింద, తెల్లారగానే ఉడతల వేటకి కూర్చున్నాం, నేనూ మా అక్క మొగుడూ. కంటికి పెట్టుకుని దూరం కొలిచే కొత్త యంత్రం ఆయన చేతిలో పెట్టాను.

“ఇదెందుకురా? నలభై ఏళ్లుగా దూరం కంటితోనే చెప్తున్నా.”

“పోయినవారం ఆరు తూటాలు కాల్చి చెట్టు బెరడు రాల్చావుగా బావా! ఇదైతే లోపల అంకె పడుతుంది.”

“ఉడతమీద పెట్టాలా?”

“ఉడత మరీ చిన్నది, దానికి అందదు. అది కూర్చున్న మానుమీద పెట్టి మీట నొక్కు.”

“నొక్కాను.”

“ఎంతొచ్చింది?”

“ముప్పై అయిదు గజాలు.”

“సరిగ్గా చూడు.”

“చూశాన్రా! ఎర్రగా పడింది, ముప్పై అయిదు.”

“బావా, నిన్ను ఏడిపిద్దామని దాంట్లో బ్యాటరీ తీసేశాను. ఇదిగో, నా జేబులో ఉంది.”

“వెధవ వేళాకోళాలు నువ్వూనూ.”

“ఏమీ కనపడట్లేదని తిడతావనుకున్నా. నీ చూపు ఎప్పట్నుంచి ఇలా?”

“ఎండాకాలం నుంచి. ఎటు చూసినా నడిమధ్యన మసక. మీ అక్కకి చెప్పకు, తుపాకీ దాచేస్తుంది.”

“ఇందాక నేను ఆ పొదల పక్కనుంచి వస్తుంటే నా వైపు తుపాకీ ఎత్తావు. ఆటపట్టిస్తున్నావని నవ్వుకున్నా.”

“అది నువ్వా?”

“నేనే బావా.”

“అడవిపంది అనుకున్నా. తుపాకీ మీట మీద వేలు కూడా పెట్టాను.”

చెయ్యి చాచాను. తుపాకీ నా చేతిలో పెట్టాడు.

“ఇందులో తూటాలు తీసెయ్యరా.”