పక్కకు తిరిగిన తెర

తుంటికి ఆపరేషన్ అయిన అత్తగారు చేతిలో ఫోనుతో గోడవైపు ఒత్తిగిలి పడుకుని ఉంది. ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునే కోడలు, ఆవిడ పిలుపు విని మీటింగు మధ్యలో లేచి ఆ గదిలోకి వచ్చింది.

“మళ్ళీ అడ్డం తిరిగిందా అత్తయ్యా?”

“తిరిగిందమ్మా. అక్షరాలన్నీ గోడెక్కి కూర్చున్నాయి. మెడ అటు వంచితే తుంటి కలుక్కుమంటోంది.”

“ఇలా ఇవ్వండి. పొద్దున్నే కదా, తిరక్కుండా లాక్ చేశాను?”

“ఏమో మరి. మీటింగు అయిందా?”

“ఎక్కడ? ఇప్పట్లో అయ్యేలా లేదు.”

“ఏం మాట్లాడుకుంటారు అంతసేపు?”

“ఇదే. ఫోను తిప్పితే మా యాప్‌లో తెర దానంతటది తిరగాలా, మనల్ని అడిగి తిరగాలా అని.”

“వేళాకోళమా?”

“నిజం. అడిగే తిరగాలన్నాను నేను. ఫోనుకి నేల ఎటుందో తెలుస్తుంది గానీ మనిషి మొహం ఎటుందో తెలీదు, పడుకుని చదువుకునేవాళ్ళూ ఉంటారు అన్నాను.”

“నా సంగతి చెప్పావా?”

“చెప్పాను. పడుకున్నవాళ్ళు నిద్రపోక ఫోనెందుకన్నాడు మా మేనేజరు. అందరూ నవ్వారు.”

“వాడి తుంటి విరిగితే తెలుస్తుంది.”

“అత్తయ్యా.”

“సరే, విరక్కపోయినా బెణికితే చాలు.”

“ఇదిగో, లాక్ చేశాను. అయినా ఇది చెయ్యి తగిలితే పోయేది కాదు. పైనుంచి కిందికి లాగాలి, ఇంకోసారి లాగాలి, అప్పుడు ఈ బొమ్మ మీద నొక్కాలి. మొన్నా పోయింది, నిన్నా పోయింది.”

“దుప్పటి తగిలిందేమో.”

“దుప్పటి లాగి, మళ్ళీ లాగి, నొక్కుతుందా?”

“మీ ఆయన నొక్కాడేమో.”

“ఆయన ఊళ్ళోనే లేరు.”

“ఆ కిటికీ కాస్త తెరువమ్మా, ఉక్కగా ఉంది.”

“మాట మార్చకండి. ఫోనే పాడైనట్టుంది, కొత్తది తెప్పిస్తాను. మంచానికి బిగించే స్టాండు కూడా. ఇక ఎవర్నీ పిలవక్కర్లేదు మీరు.”

“వద్దు.”

“ఎందుకు వద్దు?”

“వద్దంటున్నానుగా. దీనికేం, బాగానే ఉంది.”

“బాగుంటే ఎందుకు తిరుగుతోంది?”

“లాక్ నేనే తీస్తున్నాను.”

“మీరా?”

“మంచినీళ్ళు చేతికందేలా పెట్టావు. మందులు పెట్టావు. ఫ్యాను స్విచ్చు, లైటు స్విచ్చు, అన్నీ చేతికందేలా. ఇంక నిన్ను ఏమని పిలవనమ్మా? పొద్దస్తమానం ఈ గోడే. దీని మీద మచ్చలన్నీ కంఠతా వచ్చేశాయి.”

“ఎంత పని చేశారు.”

“కోపమొచ్చిందా? పో, నీ వాళ్ళు ఎదురు చూస్తుంటారు. ఇక తియ్యనులే.”

“తియ్యండి.”

“ఏమిటి?”

“నేను వెళ్ళి కూర్చోగానే తీసి, వాళ్ళందరికీ వినపడేలా పిలవండి. అక్కడి నుంచి లేవడానికి నాకు మాత్రం ఇంకో దారేముంది?”