వజ్రకాయ రసం కాగితం మీది ఉడుతల అంచు

ఫసలీ 1347, శ్రావణ మాసం, గోపాల్‌పేట ఠాణా. మందుల ఏజెంటు మాసయ్య ఇచ్చిన ఫిర్యాదు మీద అమీన్ సాబ్ అడగగా జోగమ్మ చెప్పినది:

నా పేరు జోగమ్మ. భర్త పేరు మార్కండేయ. కులం పద్మశాలి. వయసు ముప్పై ఆరో ముప్పై ఏడో ఉంటుంది. కాపురం గద్వాల. పని అన్న చోట, నా మాటలు రాసుకునే ముహరీర్ గారు ‘ఏమీ లేదు, ఇంట్లో ఉంటుంది’ అని రాయబోయారు. నేను ఒప్పుకోలేదు. కండెలు చుడతాను, మగ్గం మీద మా ఇంటాయన పక్కన కూర్చుని నేస్తాను. అట్లాగే రాయించాను.

నిన్న సంతలో మాసయ్య బండి మీది సీసాలు పగలగొట్టింది నేనే. అందులో దాపరికం లేదు. ఎన్ని పగిలాయని అడుగుతున్నారు. నేను లెక్కపెట్టుకుంటూ పగలగొట్టలేదు. అందిన కాడికి పగలగొట్టాను. ఎందుకు పగలగొట్టానో మొదటి నుంచి చెప్తాను. మధ్యలో ఆపితే నాకు వరస తప్పుతుంది.

ఉగాది పోయిన వారం మాసయ్య మా వీధికి వచ్చాడు. బండికి రేకు పలక కట్టి ఉంది. దాని మీద బండరాయి ఎత్తుతున్న పహిల్వాను బొమ్మ. బండిలో పాటల పెట్టె, దాని వెనక అట్టపెట్టెల్లో ‘వజ్రకాయ రసం’ సీసాలు. వెంట ఫోటోలు తీసే మనిషి ఒకడు. మా ఇంటాయనకు మోకాళ్ళ నొప్పి ఉంది. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పొద్దంతా కూర్చునే వాళ్ళలో ఆ నొప్పి లేనిది ఎవరికి? మాసయ్య ఒక సీసా ఊరికే ఇచ్చాడు. మళ్ళీ నాలుగు రోజులకు వచ్చి, “ఎట్లున్నదన్నా నొప్పి?” అన్నాడు. “జర నయమే అనిపిస్తుంది,” అన్నాడు ఈయన. ఎదుటి మనిషి మనసు నొప్పించడం ఈయనకు చేతకాదు. నొప్పి ఎక్కడిది అక్కడే ఉంది.

“అయితే అన్నా, సీసా పట్టుకోని ఒక ఫోటో దిగు. పట్నం దాక పోతది నీ బొమ్మ,” అన్నాడు మాసయ్య.

ఇక్కడే మా కొంప మునిగింది. ఇంకో మనిషైతే తల దువ్వుకుని, మీసం సర్దుకుని నిలబడేవాడు. ఈయన లోపలికి పోయి, ఆ రోజే మగ్గం మీంచి దించిన చీర తెచ్చి భుజం మీద పరిచాడు. పట్నం దాకా పోతుందంటే ఈయన చెవికి ముఖం అని వినపడలేదు, బట్ట అని వినపడింది. చీర మడత వంకరగా ఉందని తల వంచి సర్దుకుంటూనే ఉన్నాడు. ఫోటో మనిషి “ఇటు సూడు, ఇటు సూడు” అని మొత్తుకున్నాడు. చూడలేదు. సీసా ఒక చేతిలో ఉంది. దాని మీద ఏం రాసి ఉందో ఈయన చూడలేదు, నాకు చదువు రాదు.

ఆ చీర సంగతి కూడా రాయండి. మా గద్వాల చీరకు బట్ట నూలు, అంచులు పట్టు. ఎడమ దిక్కు అంచు ఆయన నేస్తాడు. కుడి దిక్కు అంచు పోగు నడిపే నాడె నా చేతిలో ఉంటుంది. అంచులో కోటకొమ్మలు అందరూ వేస్తారు. వాటి మీద ఉడుతలు ఎక్కిపోతున్నట్టు వేసేది మేము ఒక్కరమే. ఆయన మనసులో పుట్టిన అంచు అది. గద్వాలలో ఏ మగ్గం కాడికైనా పోయి అడగండి, ఉడుతలంచు ఎవరిదని. పసిపిల్లలు కూడా మా ఇల్లు చూపిస్తారు.

ఆషాఢంలో ఒక పొద్దు బెల్లం తేవడానికి కిరాణా కొట్టుకు పోయాను. కొట్టు బాలకిష్టయ్య ఒక అచ్చు కాగితంలో బెల్లం కట్టబోతూ ఆగి, కాగితం వంక చూసి, నా వంక చూశాడు. “వదినా, నువ్వు మార్కండేయన్నను ఎప్పుడు విడిచిపెట్టినవ్?” అన్నాడు. పరాచికమనుకున్నాను. ఆయనే పైకి చదివాడు. నేను ఇప్పటికి ఎంతోమంది చేత చదివించుకున్నాను కాబట్టి అక్షరం పొల్లు పోకుండా చెప్పగలను:

‘నేను ఏడేండ్లుగా సవాయి రోగముచే శల్యావశిష్టుడనై, కట్టుకొన్న భార్యచేతను విడువబడి, ప్రాణత్యాగమునకు సిద్ధపడియుండగా, దైవికముగా వజ్రకాయ రసము లభించినది. మూడు సీసాలతో ఇరువది యేండ్ల యువకునివలె మగ్గమాడించుచున్నాను. భార్యయు తిరిగి వచ్చినది. — ఎం., నేతగాడు, గద్వాల.’

పైన ఈయన బొమ్మ. ముఖం వంచి ఉంది కదా, సిరా ఒలికినట్టు నల్లగా పడింది. కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. కానీ అంచు మాత్రం అచ్చుగుద్దినట్టు వచ్చింది. ఒక్కొక్క ఉడుత లెక్కపెట్టవచ్చు.

సవాయి అంటే ఏ తిరుగుళ్ళ వల్ల వచ్చే రోగమో అమీన్ సాబ్‌కు నేను చెప్పనక్కర్లేదు. నా మొగుడు మగ్గం గుంట, ఇల్లు, గుడి తప్ప ఇంకో దిక్కు తెలియని మనిషి. ఆ కాగితం పట్టుకుని ఇంటికి ఉరికాను. నోటికొచ్చినట్టు తిట్టాను. ఈయన కాగితం వెలుతురు దిక్కు తిప్పుకుని చాలాసేపు చూశాడు.

“గిది నీ దిక్కు అంచే, జోగీ. తోక సూడు, నీ ఉడుత తోక జర వంగుతది. ఎంత సక్కగ పడ్డదే!” అన్నాడు.

నాకు నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియలేదు. బాదుకున్నాను.

ఇందులో ఇంత పరేషాన్ ఏముందని అడుగుతున్నారు. ఏటేటా బ్రహ్మోత్సవాలకు గద్వాల నుంచి తిరుపతి వెంకన్నకు జోడు పంచెలు పోతాయి. వాటిని నేసేవాళ్ళు ఒంటిపూట తిని, నేల మీద పడుకుని, నిష్ఠతో నేస్తారు. ఈ ఏడు ఆ మగ్గం మీద కూర్చునే వాళ్ళలో మా ఇంటాయన పేరు వచ్చింది. పెళ్ళయిన నాటి నుంచి ఆయన అడిగిన కోరిక అదొక్కటే. నూలు పున్నమ నాడు మగ్గానికి పూజ. ఇంకో నాలుగు రోజుల్లో వస్తుంది.

కాగితం ఊరంతా తిరిగింది. కులపెద్ద భీమయ్య మామ పిలిపించాడు. మంచి మనిషే, ఆయన మీద నాకు కోపం లేదు. “ముఖం ఎవనిదో తెల్వదు, మార్కండేయ. ఉడుతలు మాత్రం నీయే. గసుంటి రోగం ఉన్న చేత్తోటి దేవుని బట్ట నేస్తె నలుగురు నన్నడుగుతరు,” అన్నాడు.

“దవాఖానకు తోలుకపోయి సూపియ్యి మామా. లేదని డాక్టరే చెప్తడు,” అన్నాను నేను.

“పిచ్చిదానా, రోగం లేదని చెప్తె మందు పనిచేసిందంటరు,” అన్నాడు.

అప్పుడు భీమయ్య మామే దారి చెప్పాడు. ఆ చీర మాది కాదని, ఎవరో మా అంచు చూసి దొంగతనంగా నేశారని పదిమందిలో ప్రమాణం చేస్తే చాలు, బొమ్మలో మనిషి ఇంకెవరో అవుతాడు. ఒక్క మాటతో అంతా తీరిపోతుంది. మా ఇంటాయన ఆ మాట అనలేదు. తల వంచుకుని ఇంటికి వచ్చాడు.

ఇంట్లో కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. “ఒక్క మాట అను. నీ నోరేం అరిగిపోతది?” అన్నాను.

“దేవుని మగ్గం మీద కూసోనీకి ముందుగాల అబద్ధమాడాల్నా? నాది కాదంటే మళ్ళ గా అంచు నేసే మొకం నాకుంటదా?” అన్నాడు. అంతే, అన్నం ముందు కూర్చున్నాడు, తినకుండా లేచాడు.

నాకు ఇంట్లో నిలబడబుద్ధి కాలేదు. కాగితాలే లేకుండా చేస్తే పీడ పోతుందనుకున్నాను. గద్వాలలో గోడగోడకూ తిరిగి చింపాను. కల్లు దుకాణం గోడ మీద చింపాను. స్టేషన్ కాడ చింపాను. చింపి వెనక్కి తిరిగితే బజ్జీలు కట్టిచ్చే కాగితం అదే. పిల్లలు ఎగరేసే గాలిపటం అదే, తోక ఊపుకుంటూ మా ఇంటాయన ఆకాశంలో పోతున్నాడు. దక్షిణపు దిక్కు ఊళ్ళన్నిటా మాసయ్య ఇవే పంచాడని ఎవరో చెప్పారు. వనపర్తి దిక్కు ఇంకా ఎక్కువ పంచాడని ఇంకొకరు చెప్పారు. రైలెక్కి వనపర్తి రోడ్డు స్టేషన్‌లో దిగి, బండ్లు పట్టుకుని పాన్‌గల్‌లో మా అక్క ఇంటికి పోయాను. పోయేసరికి అక్క దేవుని పటాల పక్కన ఆ కాగితమే మెతుకులతో అంటించి, బొట్టు కూడా పెట్టింది.

“మరిది బట్ట పేపర్లకెక్కిందని మురిసి అంటించిన. నాకు సదువొస్తదానే?” అంది అక్క. చదివించి చెప్తే కూలబడి ఏడ్చింది. మెతుకులు ఎండి గోడకు పట్టుకుపోయాయి. గోకినా రాలేదు. ముఖం ఊడింది, కింది రాత ఊడింది, అంచు మాత్రం గోడకే ఉండిపోయింది.

మాసయ్య గోపాల్‌పేట సంతలో ఉన్నాడని అక్కడ తెలిసింది. నిన్న పొద్దున వచ్చాను. బండి మీద నిలబడి ఆ రాతనే గొంతెత్తి చదువుతున్నాడు. “కట్టుకున్న పెండ్లాం సుత ఛీ అని విడిచిపెట్టి పోయింది!” అంటున్నాడు. నేను జనాన్ని తోసుకుని ముందుకు పోయాను.

“గా పెండ్లాన్ని నేనేరా! ఎప్పుడు పోయిన్రా నేను? ఏ ఊరికి పోయిన?” అన్నాను.

సంతంతా నవ్వింది. మాసయ్య బండి దిగి, చేతులు జోడించి, “అక్కా, జర నిమ్మళం. మోకాళ్ళ నొప్పని రాస్తె ఎవడు కొంటడు? కంపెనీ వాళ్ళు గట్లనే రాస్తరు. అయినా పేరు లేదు, ముఖం లేదు. గా బట్ట మాది కాదనుర్రి, అయిపాయె. నాకేం అభ్యంతరం లేదు,” అన్నాడు.

నాకేం అభ్యంతరం లేదు అన్నాడు! బండికి కట్టిన పహిల్వాను రేకు పలక పీకి, దానితోనే సీసాలు కొట్టాను. వాడిని కొట్టలేదు. అడ్డం వచ్చి చెయ్యి పెడితే గాజు గీసుకుంది. నెత్తురు చూసి నేనే కొంగు చింపి కట్టు కట్టాను. అది ఫిర్యాదులో రాయించలేదట. రాయించడు మరి.

కబురు అంది ఈ పొద్దున మా ఇంటాయన, భీమయ్య మామ రైలెక్కి వచ్చారు. ఠాణా వసారాలో నాతో మాట్లాడనిచ్చారు. “జోగీ, సర్కారు కాగితంల గా బట్ట మాది కాదని రాయించు. మార్కండేయ ప్రమాణం చెయ్యకున్నా సరే, నీ మాట నేను ఊర్ల చెప్పుకుంట. పున్నమకు వాడు కూసుంటడు. కాదు మాదేనంటివో, నా చేతుల ఇగ ఏం లేదు బిడ్డా,” అన్నాడు మామ. మా ఇంటాయన “తిన్నవా?” అని ఒక్క మాట అన్నాడు.

ప్రశ్న: ఈ కాగితంలోని చీర మీరు నేసినదేనా?

జవాబు: కాదు. మాది కాదు.

అమీన్ సాబ్ అడిగారు: “మరి నీది కాని బట్టకు నీకింత కోపమెందుకమ్మా?” నేను మంచినీళ్ళు అడిగాను. ఇచ్చారు.

తర్వాత ముహరీర్ గారు రాసింది చదివారు. ‘సదరు చీర తమది కాదనియు, సదరు అంచు ఎవరు నేసినదో తనకు తెలియదనియు చెప్పినది’ అని ఉంది. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివారు. ఎవరు నేసినదో తెలియదు. నేను కూర్చోలేకపోయాను. లేచి తలుపు దాకా పోయాను. మా ఇంటాయన వసారాలో స్తంభానికి ఆనుకుని, మోకాళ్ళు పిసుక్కుంటున్నాడు. పెళ్ళయిన నాటి నుంచి కోరిన కోరిక ఆయనది. నాకు తెలుసు. ఇంత దాకా వచ్చి నేనే దాన్ని కాలదన్నుతున్నానని కూడా తెలుసు. వెనక్కి వచ్చి ఆ మాట కొట్టేయమన్నాను. సర్కారు కాగితంలో కొట్టివేతలు పనికిరావన్నారు. పక్కన నా వేలిముద్ర వేస్తానన్నాను. వేశాను.

ఇప్పుడు రాయండి. ఆ చీర మాదే. బొమ్మలో ఉన్న మనిషి నా మొగుడే. ఆయనకు ఏ రోగమూ లేదు, మోకాళ్ళ నొప్పి తప్ప. నేను ఆయన్ని ఒక్క రోజు కూడా విడిచి ఉండలేదు, ఈ మూడు రోజులు తప్ప. బొమ్మలో కనిపించే అంచు కుడి దిక్కుది. దాన్ని నేసింది జోగమ్మ. ఎవరు నేశారో తెలుసు.

సీసాలకు ఏం శిక్ష వేసినా పడతాను. నేను ఏడుస్తూ చెప్పానని రాయవద్దని అడిగాను.

పైన చెప్పినదంతా ముహరీర్ గారు నాకు మూడోసారి చదివి వినిపించగా విన్నాను. ఒకచోట కొట్టించింది నేనే. మిగిలినదంతా నా నోటి మాటే, నిజమే.

జోగమ్మ, మార్కండేయ భార్య, నేతపని — ఎడమచేతి బొటనవేలి నిశాని.