ఓబులేసు గిటారు, తిమ్మక్క బావి

తూర్పున పత్తి చేలు దాటినాక ఒక మొండి చింతమాను ఉంది చూడండి, దాని కింద పాడుబడిన బావి, ఆ తట్టుకు గొర్రెలు తోలేటోళ్ళు కూడా పోరు. ఎందుకు పోరో మీకెవురన్నా చెప్పినారా? చెప్పరు, చెప్తే వాళ్ళ సిగ్గే బయటపడుతుంది. నాకు డెబ్బై దాటినాయి, ఇంక నాకేం సిగ్గు. ఒరే ఈరన్నా, ఆ బీడీ ఆర్పి కూర్చో.

ఆ బావిలో తిమ్మక్క ఉంది. బతికినన్నాళ్ళు పత్తి ఏరే కూలోళ్ళకు మేస్త్రి, నోరు చెడ్డది గానీ మనసు వెన్న. ఒకనాడు నీళ్ళకని వంగి అందులోనే పడి చచ్చిపోయింది, ఇంక అప్పట్నుంచి మిట్టమధ్యాహ్నం అటు పోవాలంటే అందరికీ గుండె దడ.

మరి ఆ బావి కాడికే పోయి పాటలు పాడిన మన ఊరి ఓబులేసుకు భయం లేదా అంటే, వానికి ఊరంటేనే భయం. వాడు గుంతకల్లు రైల్వే కాలనీలో ఒక డ్రైవరు దొర ఇంట్లో వంట చేసి, ఆ దొర దగ్గరే గిటారు నేర్చుకోని వచ్చినాడు. చిటికెన వేలికి విరగ్గొట్టిన గాజు సీసా మెడ తొడుక్కోని తీగల మీద జారిస్తే అది మనిషి మాదిరే ఏడ్చేది, బొటనవేలు మాత్రం లావు తీగ మీద రైలు పోయినట్ల దడదడ కొడుతుండేది, పక్కన తబలా లేదు, ఏమీ లేదు, ఒక్కడే. ఏం పాటలురా ఇవి అంటే, బ్లూసు అంటారు మామా, అమెరికాలో పత్తి చేలల్లో నల్లజాతి కూలోళ్ళు కష్టం మరిచేదానికి పాడుకున్నవి, మన మాదిరోళ్ళే అనేవాడు. వాటిని తెలుగులో కట్టుకున్నాడు. 'రైలెళ్ళిపాయె, నా పిల్లనెక్కించుకోని పాయె' అని ఒకసారి, మళ్ళీ అదే ఇంకోసారి, ఆ తర్వాత 'టిక్కెట్టు నా జేబులోనే ఉండిపాయె' అని. మాకు నవ్వాలో ఏడ్వాలో తెలిసేది కాదు. చెప్పిందే చెప్తావు, మేమేం చెవిటోళ్ళమా అని లేచిపోయేవాళ్ళం. వాడు అలిగి ఆ బావి గట్టు మీద చేరినాడు, బావిలోకి పాడితే గొంతు గుండ్రంగా తిరిగొచ్చేదంట.

ఒకనాడు మధ్యాహ్నం మేమందరం చేనిగట్టున సంగటి తింటున్నాం, వాడు పాట ఊపులో కాలుతో తాళం వేస్తా ఉంటే గట్టు రాయి ఊడి గిటారుతో సహా లోపల పడినాడు. చాతీ దాకా నీళ్ళు, కింద బురద లాగుతోంది. 'అన్నలారా, బావిలో పడినానయ్యో' అని అరిచినాడు, మళ్ళీ అదే అరిచినాడు, ఆ తర్వాత ఏమన్నాడో తెలుసునా? 'తాడు తెండయ్యో' అని పాట ముగించినట్ల ఆగిపోయినాడు! ఇరవై ఏండ్ల అలవాటు, చావు ముంచుకొచ్చినా పోలేదు. నోట్లోకి నీళ్ళొచ్చి ఇంక గొంతు లేవలేదు.

ఇప్పుడు మీరే చెప్పండి, దెయ్యం ఎన్నిసార్లు పిలుస్తుంది? రెండే. మూడోసారీ అదే మాట వస్తేనే మనిషని లేవాలని మన అవ్వల కాలం నుంచి వస్తున్న మాట. ఓబులేసు గొంతుతో దెయ్యమే పిలుస్తుందనుకోని ఒక్కడూ లేవలేదు. నేనూ లేవలేదు, ముద్ద నోట్లోనే ఉంది.

అప్పుడొచ్చింది మూడోది. 'అన్నలారా, బావిలో పడినాడయ్యో' అని ఆడగొంతు, ఆ వెంటనే 'మొద్దు మొహాల్లారా, సంగటి తర్వాత మింగొచ్చు, లేవండి' అని. ఇంకేముంది, పరుగెత్తినాం. ఎద్దుల పగ్గాలు ముడేసి దించితే, నీళ్ళు గడ్డం దాకా వచ్చినోడు ముందు గిటారును కట్టి పంపినాడు చూడండి! దాని వెనక వాడు.

ఆ అరిచినామె ఎవురురా అంటే, నేనే మిమ్మల్ని అడుగుదామనుకున్నా, నా చెవి పక్కనే అరిచింది, చూస్తే ఎవురూ లేరు అన్నాడు. మా ఆడోళ్ళందరూ మా వెనకే ఉన్నారు. సుంకవ్వ చెంగు నోటికడ్డం పెట్టుకోని, మొద్దు మొహాలని మనల్ని తిట్టేది ఒక్కతే కదప్పా అనింది. నిజం చెప్తున్నా, నాకు భయం కంటే ముందు సిగ్గేసింది. ఇంతమంది బతికినోళ్ళం ముద్ద మింగుతుంటే, వాని కోసం అరిచింది చచ్చిపోయినామె.

మేము ఊరి దిక్కు పరుగు. వాడు మాత్రం గిటారులో నీళ్ళు వంపి, తీగలు బిగించి, వణుకుతానే ఆ రైలు పాట మొత్తం పాడినాడు. పాట అయినాక బావిలోంచి, 'ఇంకోటి పాడు నాయనా' అని వినపడిందంట. వాడు వెక్కి వెక్కి ఏడ్చినాడంట. మనం ఒక్కరమన్నా ఆ మాట అన్నామా వానితో?

ఓబులేసు కూడా పోయి ఎనిమిదేండ్లయింది, ఇప్పుడు ఆ బావిలో ఇద్దరు. అందుకే చెప్తున్నా, అటు పోవద్దండి. వాళ్ళేం చేయరు, కూర్చోబెట్టి వినిపిస్తారు, అంతే. నిన్న నేను పోయినా కదా, సంగటి వేళకు పోయినోణ్ణి దీపాలు పెట్టే వేళకొచ్చినా. ఇంట్లో మీ అవ్వ తిట్టిన తిట్ల ముందు ఏ దెయ్యమూ పనికిరాదు.