లోకస్ట్ వీధి గొయ్యిలోకి దిగిన వెర్లిన్

మార్ల్‌బర్గ్ ఊళ్ళో ప్రతి నెలా మొదటి సోమవారం పొద్దున తొమ్మిదింటికి బోర్డు కూర్చుంటుంది. రోడ్లు, మురుగు కాలవలు, వీధి దీపాలు, ఎవరి కుక్క ఎవర్ని కరిచింది, ఊరేగింపు రోజున ఏ వీధి మూయాలి, అన్నీ ఆ బోర్డే చూసుకోవాలి. సభ్యులు ముగ్గురు. ఒకరు మేయరు, ఇంకొకరు లైబ్రరీలో పనిచేసి మానేసిన ఆర్డిస్, మూడోవాడు వెర్లిన్ స్టూప్స్. మొదటి ఇద్దరూ తిన్నగా టౌన్‌హాలుకి వెళ్ళిపోతారు. వెర్లిన్ మాత్రం తెల్లారేసరికల్లా లియోటా డోనట్ల కొట్లో తేలతాడు. బోర్డు చెయ్యబోయే పనుల గురించీ, తను ఒంటిచేత్తో చేసేసిన పనుల గురించీ మొదలుపెట్టాడంటే కాఫీ అయిపోతుందిగానీ మాట అయిపోదు.

లియోటాకి అతని కోతలు కొత్తేం కాదు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బడి బస్సెక్కినవాళ్ళు. మామూలు రోజైతే ఆవిడే అతన్ని ఎగదోసి చెప్పించేది. ఈ సోమవారం మాత్రం ఆవిడకి నవ్వు రావడం లేదు.

కొట్టు ముందున్న లోకస్ట్ వీధికి అవతల, టౌన్‌హాలు పక్కింట్లో, ఆవిడ భర్త మెర్ల్ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. మొన్న మొన్నటిదాకా పొద్దున్నే కర్ర పట్టుకుని రోడ్డు దాటొచ్చి, కొట్లో కూర్చుని డోనట్లకి పంచదార అద్దేవాడు. సెప్టెంబరులో ధాన్యం గిడ్డంగికి పోతున్న మొక్కజొన్న లారీ ఒకటి ఊపుమీద వచ్చి అతని చేతిలో కర్రని లాక్కుపోయింది. మనిషి రోడ్డుమీద పడ్డాడు. ఎముకలేవీ విరగలేదుగానీ ధైర్యం మాత్రం విరిగింది. అప్పట్నుంచీ గుమ్మం దిగడు. లియోటా బోర్డుని అడిగింది ఒక్కటే, కొట్టు ముందు వీధి మూలమీద లారీలు ఆగేలా ఒక స్టాప్ సైన్. పోయిన నెల అది తేలలేదు. ఇవాళ మళ్ళీ బోర్డు ముందుకొస్తోంది. పోయిన నెల అక్కడ ఏం జరిగిందో లియోటా ఇంకా ఎవరితోనూ అనలేదు.

“అసలు నేనేం పెద్ద పని చేశాననీ!” అన్నాడు వెర్లిన్ డోనట్ కాఫీలో ముంచుతూ. బల్ల చుట్టూ ఉన్న రైతులు కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. “ఈ కొట్టు ముందు గొయ్యి ఉండేది కదా, ఎండాకాలంలో దాన్లో ఓ పారెడు తారు కంకర నా చేత్తో వేశాను. అంతే. ఇంకోడైతే ఊరంతా చెప్పుకుంటాడు. నాకలాంటి అలవాటు లేదు.”

“ఎంతుండేదిలే ఆ గొయ్యి, బేసినంత,” అన్నాడు డాయిల్. పశువుల దాణా కొట్టు నడిపి నడిపి అన్నిటినీ కొలతల్లో చూడటం అతనికి అలవాటు.

“బేసినా? నువ్వు పైనుంచి చూశావు డాయిల్. నేను లోపల్నుంచి చూశాను. అది ఎలా మొదలైందో నీకు తెలీదు. ముందు పోస్టాయన టోపీ పడింది, పోనీలే టోపీయే కదా అనుకున్నాం, ఆ టోపీ కోసం వంగిన పోస్టాయన పడ్డాడు, ఆయన్ని వెతుక్కుంటూ వచ్చిన పోస్టు బండి పడింది, ఆ బండిలో నీ పుట్టినరోజుకి మీ చెల్లెలు పంపిన కార్డు కూడా ఉంది, అందుకే నీకు అందలేదు, పాపం ఆ పిల్లని అనవసరంగా తిట్టుకోకు.”

“పంపించాననే అంది,” అన్నాడు డాయిల్ ఆలోచనలో పడి.

“చూశావా! మరి బోర్డు అన్నాక ఒక పద్ధతుంటుంది కదా. హెచ్చరికగా గొయ్యి పక్కన నారింజ రంగు పీపా పెట్టించాం. తెల్లారేసరికి పీపా లేదు. పీపా పోయిందని జనాన్ని హెచ్చరించడానికి ఇంకో పీపా పెట్టాం, అదీ పోయింది. చివరికి జిల్లాలో ఉన్న పీపాలన్నీ లోపలికి పోయాయి, రోడ్డు మీద మిగిలింది నేనొక్కణ్ణి. ఇక లాభం లేదని మా ఆవిడ బట్టలారేసుకునే తాడు నడుముకి కట్టుకుని దిగాను.”

“తాడు సరిపోయిందా?” అన్నాడు డాయిల్.

“మా ఆవిడ ఒక్కరోజు ఆరేసే బట్టలు నువ్వెప్పుడూ చూళ్ళేదు. దిగుతున్నాను, దిగుతున్నాను, పైన వెలుతురు డోనట్ చిల్లంత అయింది, తర్వాత అదీ లేదు, జేబులో ఉన్న సాండ్‌విచ్ తినేశాను, ఓ కునుకు తీశాను, లేచి మళ్ళీ దిగుతున్నాను. భోజనానికొస్తావా రావా అని పైనుంచి మా ఆవిడ అరుపు. ఏ రోజు భోజనానికి అని కిందనుంచి నేను. మొత్తానికి కాళ్ళకి నేల తగిలింది. చూద్దును కదా, ఈ ఊళ్ళో పోయిన వస్తువులన్నీ అక్కడే ఉన్నాయి. కారు చక్రాల మూతలు, ఒంటి చేతి తొడుగులు, హైస్కూలు బాజాల వాళ్ళ పెద్ద డోలు. పోస్టాయన ఓ రాయి మీద కూర్చుని ఉత్తరాలు వీధుల ప్రకారం సర్దుకుంటున్నాడు, ప్రభుత్వోద్యోగం అంటే అదీ! ఆ తర్వాత నాకు ఎవరు కనబడ్డారో తెలుసా?”

బయట ఓ లారీ దూసుకుపోయింది. అల్మారా మీద కప్పులు గలగలలాడాయి. లియోటా తల తిప్పి అవతలి కిటికీ వంక చూసింది. మెర్ల్ ఆ లారీ పోయినంత దూరం తల తిప్పి చూస్తూనే ఉన్నాడు.

“రెఫరీ!” అన్నాడు వెర్లిన్. “మన చిన్నప్పుడు బాస్కెట్‌బాల్ ఫైనల్లో, ఆట అయిపోతుందనగా, మనవాడి మీద ఫౌల్ ఊది కప్పు పక్కూరికిచ్చేశాడే, ఆ తర్వాత వాణ్ణి ఎవరూ చూళ్ళేదే, ఆ రెఫరీ.”

డాయిల్ కప్పు కింద పెట్టేశాడు. “చారల చొక్కాయేనా?”

“చారలు మాసిపోయాయిగానీ చొక్కా అదే. నేను దిగీ దిగగానే విజిలు ఊది ఫౌల్ అన్నాడు.”

“అప్పుడు ఊదింది తప్పని ఒప్పుకున్నాడా?”

“ఒప్పుకోలా.”

“ఒప్పుకోడు!” అన్నాడు డాయిల్ కసిగా. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలూపారు. అప్పటిదాకా నమ్మనివాళ్ళు కూడా ఇక్కడ నమ్మేశారు.

“స్టాప్ సైన్ సంగతేంటి వెర్లినూ?” అంది లియోటా, కప్పులో కాఫీ పోస్తూ.

“అక్కడికే వస్తున్నా లియోటా, దారిలోనే ఉన్నా. నేను పైకి రావడం, ఆ రాత్రికే తారు లారీలు రప్పించడం. ఒకటి పోశాం, రెండు పోశాం, రాష్ట్రంలో ఉన్న తారంతా పోశాం, కింద పడిన చప్పుడే లేదు. ఇక టెండర్లు పిలిచాం. కవర్లు అందరి ముందూ చింపాలి, తక్కువకి ఎవరు చేస్తామంటే వాళ్ళకే పని ఇవ్వాలి, చట్టం మరి. తక్కువకి వచ్చిందెవరో తెలుసా? మన చర్చి ఆడవాళ్ళు. తారు కాదు, పర్సిమన్ పండ్ల పుడ్డింగుతో పూడుస్తామన్నారు. నవ్వకండి, ఆ పుడ్డింగు మీరంతా తిన్నవాళ్ళే.”

“పోయినేడు నా చెంచా అందులోనే ఉండిపోయింది,” అన్నాడు ఓ రైతు.

“అదీ! ఊరంతా చెట్లు దులిపారు, పిల్లలకి బడి సెలవిచ్చారు, అగ్నిమాపక దళం వాళ్ళు గొట్టాలతో పుడ్డింగు పట్టారు, నేను గరిటె పట్టుకుని గొయ్యి అంచున నిలబడి ఇటు కొంచెం, అటు కొంచెం అంటున్నాను. నిండింది. నిండి ఊరుకుందా? ఎండకి పొంగడం మొదలుపెట్టింది. లోకస్ట్ వీధి లేచింది, వీధితోపాటు టౌన్‌హాలు లేచింది, మేయరు కిటికీలోంచి పక్క జిల్లా కనిపిస్తోందని ఫోను చేశాడు. అప్పుడు హైస్కూలు బాజాల వాళ్ళని బరువైన బూట్లు వేయించి దానిమీద నడిపించాను. ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఆ అణగడం అణగడం ఎంత నున్నగా అణిగిందో మీరే చూడండి, రాష్ట్రంలో అంత నున్నటి రోడ్డు ఇంకెక్కడైనా ఉంటే నా చెవి కోసిస్తాను.”

“స్టాప్ సైన్,” అంది లియోటా.

“అదే చెప్పబోతున్నా. పోయిన నెల మీటింగులో లేచి నిలబడ్డాను. మైకు ఇలా పట్టుకున్నాను. మేయరుగారూ, ఆ రోడ్డు దాటేది మెర్ల్ ఒక్కడే కాదు, ఈ ఊరి పరువు దాటుతోంది అన్నాను. మేయరు కళ్ళు తుడుచుకున్నాడు. ఆర్డిస్ వెక్కి వెక్కి ఏడ్చింది. గోడ గడియారం ఆగిపోయింది. బయట పోతున్న లారీ నా మాట చెవిన పడి తనంతట తనే ఆగింది, డ్రైవరు దిగొచ్చి టోపీ తీసి వెనకాల నిలబడ్డాడు. సింహం, లియోటా! సింహంలా పోట్లాడాను నీ కోసం.”

“మరి సైన్ ఎందుకు రాలేదు?” అన్నాడు డాయిల్.

“రాజకీయాలు,” అన్నాడు వెర్లిన్ గొంతు తగ్గించి.

లియోటా కాఫీ గిన్నె బల్లమీద పెట్టింది. చేతులు తువ్వాలుకి తుడుచుకుంది. అరిచిందీ లేదు, విసుక్కున్నదీ లేదు.

“ఆ రోజు నేనక్కడే ఉన్నా వెర్లిన్. కొట్టు డాయిల్‌కి అప్పజెప్పి వచ్చి వెనక వరసలో కూర్చున్నా. నువ్వు తలెత్తితే కదా కనపడేదాన్ని.”

వెర్లిన్ నోట్లో డోనట్ నోట్లోనే ఉంది.

“స్టాప్ సైన్ పెట్టాలని ఆర్డిస్ ప్రతిపాదించింది. బలపరిచేవాళ్ళున్నారా అని మేయరు అడిగాడు. సభ నడిపేది ఆయనే కాబట్టి తను బలపరచకూడదు కదా, ఇక మిగిలింది నువ్వు. మళ్ళీ అడిగాడు. మైకు వంక పాముని చూసినట్టు చూశావు. నీ చెవులు ఎర్రబడ్డాయి. మూతికి నా కొట్టు పంచదార అంటుకునుంది, అది కూడా తుడుచుకోలా. బలపరిచేవాళ్ళు లేరు కాబట్టి ప్రతిపాదన పోయిందని చెప్పి, ఆయన ఎవరి కుక్క సంగతిలోకో వెళ్ళిపోయాడు. ఎవరూ ఏడవలా. గడియారం నడుస్తూనే ఉంది.”

వెర్లిన్ మింగాడు. “లియోటా, అది...”

“నీకు స్టాప్ సైన్ వద్దని కాదు, నాకు తెలుసు. నలుగురి ముందు మైకు పెడితే నీకు నోరు పెగలదు. బడిలోనూ అంతే, నీ పద్యం నేను చెప్పేదాన్ని. ఇన్నేళ్ళూ నవ్వుకుని ఊరుకున్నాను. ఇప్పుడు మా ఆయన ఆ కిటికీలో కూర్చునున్నాడు. ఇంకో మాట కూడా విను. ఆ గొయ్యి ఉన్నన్నాళ్ళూ ప్రతి లారీ ఇక్కడికొచ్చి నెమ్మదించేది. మెర్ల్ దాని పక్కనుంచే దాటేవాడు. నువ్వు మెచ్చుకుంటున్న ఆ నున్నటి రోడ్డు మీదే అతను పడ్డాడు.”

డాయిల్ కప్పులో చెంచా ఓసారి తిప్పాడు.

“అయితే,” అన్నాడు డాయిల్ నెమ్మదిగా, “ఆ రెఫరీ...”

“నోర్ముయ్ డాయిల్,” అన్నారు అందరూ.

వెర్లిన్ లేచాడు. పంచదార దులుపుకున్నాడు. మాట లేకుండా అతను లేవడం ఆ కొట్లో ఎవరూ చూసెరగరు. జేబులోంచి తన పికప్ బండి తాళాలు తీశాడు.

“ఎక్కడికి?” అంది లియోటా.

“టౌన్‌హాలుకి.”

“ఎదురుగా ఉన్నదానికి పికప్పా?”

“ఎప్పుడూ అలాగే కదా. చుట్టూ తిరిగి వెనకాల పార్కింగులో పెడతాం. ముగ్గురమూ అంతే.” అతని గొంతులో నిజమైన ఆశ్చర్యం ఉంది. “నడిచి ఎవరెళతారు?”

లియోటా తన గౌను మీద కట్టుకున్న ఏప్రన్ విప్పి, కొట్టు చూసుకోమన్నట్టు డాయిల్ మెళ్ళో వేసింది. కోటు తొడుక్కుంది. వెర్లిన్ మోచెయ్యి పట్టుకుని తలుపు తీసింది.

ఇద్దరూ కాలిబాట అంచున నిలబడ్డారు. ఎదురుగా టౌన్‌హాలు, గట్టిగా పిలిస్తే పలికేంత దూరం. మొక్కజొన్న లారీ ఒకటి వచ్చింది. దాని గాలికి వెర్లిన్ ఒకడుగు వెనక్కి పడ్డాడు. అది పోయిందనుకుని కాలు దించబోతే సోయా లారీ. దాని వెనక ఇంకోటి.

“ఇక్కడెప్పుడూ ఇంతేనా?” అన్నాడు.

“థాంక్స్‌గివింగ్ పండగకి కోతలయ్యేదాకా ఇంతే.”

అతను అవతలి కిటికీ వంక చూశాడు. మెర్ల్ కుర్చీలో ముందుకి వంగి వాళ్ళిద్దర్నీ చూస్తున్నాడు, రావద్దన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. వెర్లిన్‌కి సిగ్గేసింది, భయమూ వేసింది. లియోటా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పెదాలు కదిలాయి.

“ఏమన్నావ్?” అంది లియోటా.

“బలపరుస్తున్నా.”

లారీ ఒకటి ఆ మాటని ఈడ్చుకుపోయింది.

“వినపడలేదు,” అంది లియోటా.

“బలపరుస్తున్నా!”

“మేయరుకి ఎడం చెవి సరిగ్గా వినపడదు వెర్లినూ.”

వెర్లిన్ గుండెనిండా గాలి పీల్చుకున్నాడు. తొమ్మిది కావస్తోంది. రోడ్డుకి అవతల ఆర్డిస్ బోర్డు గది కిటికీ తెరుస్తోంది. లారీల మీదుగా ఆమెకి వినపడేలా వెర్లిన్ ఆ ఒక్క మాటా మళ్ళీ అరిచాడు.