కుంటి గొర్రె బాటకి చీపురు కట్టిన రోజు

2016 అక్టోబర్ 11, మంగళవారం. పొద్దున గుర్రాల నీళ్ళ తొట్టి మీద పల్చటి మంచు పెచ్చు కట్టింది. మధ్యాహ్నం ఎండ కాసింది. సాయంత్రానికి గాలి పడిపోయి ఎర్ర కొండలు కడిగి ఆరబెట్టినట్టు కనిపించాయి. వాతావరణం రాసిపెట్టుకోవడం నాకు కాలేజీ రోజుల నుంచి ఉన్న అలవాటు. భూగర్భశాస్త్రం చెప్పే ప్రొఫెసరు ఒకాయన, రాయి గురించి రాసే ముందు ఆ రోజు ఆకాశం ఎలా ఉందో రాయమనేవాడు. ఎందుకో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. అది 1964 నాటి మాట.

ఆ సాయంత్రం నెడ్రా కొట్టు అరుగు మీద నలుగురం ఉన్నాం. నెడ్రా బడిలో నా దగ్గర చదువుకున్న పిల్లే, ఇప్పుడు మనవరాళ్ళున్నారు. పెట్రోలు, రొట్టె, మేకులు, ఏదడిగితే అది అమ్ముతుంది. రెండోవాడు థేన్, మెకానిక్కు. మా ఊళ్ళో అతను పొట్ట విప్పి చూడని జీపు లేదు. మూలన కుర్చీలో ఆర్డిత్ వదిన, ఒళ్ళో ఫోటోల కట్ట పెట్టుకుని. ఆమె భర్త మెరిల్ నాకు అన్నలాంటివాడు. ముప్పై ఏళ్ళు కుంటి గొర్రె బాటని కనిపెట్టుకుని ఉండి, ఆ ఏడు వేసవిలో పోయాడు. ఆరు మైళ్ళ బాట అది. చివర మెరిల్ గొర్రెల మకాం, ఒక ఊట, నాలుగు చెట్లు. ప్రతి అక్టోబరులో ఆ చెట్ల ఆకులు పసుపెక్కే వారం మొగుడూ పెళ్ళాం జీపులో వెళ్ళి రెండు రోజులు ఉండి వచ్చేవాళ్ళు. వదినకి డెబ్బై తొమ్మిదేళ్ళు. మోకాళ్ళు అరిగిపోయాయి. జీపు పోకపోతే ఆమె ఆ చెట్లని ఇక చూడదు.

ఆ ఏడాది ప్రభుత్వ భూముల ఆఫీసువాళ్ళు ఎడారి బాటల మ్యాపు కొత్తగా గీస్తున్నారు. ఉత్సాహం ఉన్నవాళ్ళు తలా ఒక బాట తీసుకుని, దాని మీద బండిలో వెళ్ళి, జీపీఎస్‌లో గీత ఎక్కించి, ఫారం నింపి ఇవ్వాలి. ప్రతి చీలిక దగ్గరా రెండు ఫోటోలు తీయాలి, ఒకటి ముందుకు చూస్తూ, ఒకటి వెనక్కి చూస్తూ. తిరిగొచ్చేవాడికి అదే బాట వేరే మొహం పెట్టుకుని కనిపిస్తుంది మరి. శుక్రవారంలోగా కాగితాలు అందని బాట మ్యాపులో ఉండదు. మ్యాపులో లేని బాట మీద చక్రం తిరగకూడదు. కుంటి గొర్రె బాట నేను అడిగి తీసుకున్నాను, శనివారం వెళ్ళొచ్చాను. బాట సంరక్షకురాలిగా వదిన ఫారం మీద సంతకం పెట్టడమే తరువాయి. ఆమె ఫోటోలు ఒక్కొక్కటే వెలుతురుకి పెట్టి చూస్తోంది. అంతసేపు ఊరికే కూర్చోవడం ఎందుకని నేను అందుకున్నాను.

"ఈ పనిలో గొప్పతనం బండి నడపడంలో లేదు థేనూ, అదుపులో పెట్టడంలో ఉంది. ఆరు మైళ్ళలో నా చక్రం బాట దాటి బయట పడలేదు, బెత్తెడు కూడా. ముందు టైర్లలో గాలి తీశాను, నేల నలగకుండా."

"అది అందరూ చేసేదేగా," అన్నాడు థేన్.

"అందరూ సగం తీస్తారు. నేను ఎంత తీశానంటే, మొదటి మలుపులో ఒక నల్ల పురుగు అడ్డం వచ్చింది, నాకు కనపడలేదు, చక్రం దాని మీద నుంచే పోయింది. దిగి చూద్దును కదా, పురుగు దుమ్ము దులుపుకుని దాని దారిన అది పోతోంది. అలాంటి మెత్తన. మా అమ్మ దూది పరుపు అలా ఉండేది, ఆ పరుపు సంగతి ఇంకోసారి చెప్తాను, మా తమ్ముడు కాజేశాడు దాన్ని. సరే, అంత మెత్తగా పోయినా టైరు గుర్తు పడుతుంది కదా. ఆ గుర్తు చూసి రేపు ఇంకొకడు వస్తాడు, ఎల్లుండి వాడు పక్కకి తిప్పుతాడు, బాట కాస్తా పొలం అవుతుంది. అందుకని జీపు వెనక చీపురు కట్టాను. నేను ముందు పోతుంటే నా గుర్తులు వెనకాలే ఊడ్చుకుపోతున్నాయి."

ఏ చీపురు అని నెడ్రా అడిగింది. నీ కొట్లో కొన్నదే అన్నాను. అయితే దాని డబ్బులు ఇంకా రావాలి మాస్టారూ అంది. నేను వినలేదు.

"మీకు తెలుసుగా, బాట పక్కన నల్ల పెచ్చు నేల ఉంటుంది, ప్రాణం ఉన్న నేల. ఒక్క అడుగు పడితే మానడానికి మనిషి జీవితం పడుతుంది. దాని మీద అడుగు పెట్టకపోవడం అందరికీ చేతనవును. నేను నా జీపు నీడ కూడా పడనివ్వలేదు. పొద్దున ఎండ ఏటవాలుగా ఉందని, సూర్యుడు నడినెత్తికొచ్చి నీడ బండి కిందకి పోయేదాకా ఇంజను ఆపి కూర్చున్నాను. మూడు గంటలు. ఊపిరి కూడా బాట వైపుకే వదిలాను."

"నీ ఊపిరికి నేల చస్తుందనే నా అనుమానం," అన్నాడు థేన్. ఉల్లిపాయ అతనికి పడదు, నాకు అదే ప్రాణం.

"రెండో చీలిక దగ్గర వెడల్పు కొలవాలి. టేపు తీశాను. ఇంతలో గిలక్కాయ పాము ఒకటి రాతి కింద నుంచి వచ్చి నా వంక చూసింది, టేపు వంక చూసింది, బాటకి అడ్డంగా తిన్నగా చాచుకుని పడుకుంది. తోక నుంచి మూతి దాకా నాలుగడుగుల రెండంగుళాలు. బాట వెడల్పు సరిగ్గా రెండు పాములు."

"టేపు ఉండగా పాముతో ఎందుకు కొలిచారు మాస్టారూ?"

"అది అంత మర్యాదగా వచ్చి పడుకుంటే కాదంటానా? పైగా రెండోసారి కొలవడానికి అదే లేచి జరిగి మళ్ళీ పడుకుంది. ఆఫీసు మనుషులకి లేదు ఆ ఓపిక. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుగో మైలు. ఎడమ పక్క కొండ, కుడి పక్క నల్ల పెచ్చు నేల, నడి బాటలో పైనుంచి దొర్లిన బండరాయి. నెడ్రా కొట్లో పాలు పెట్టే ఆ పెద్ద ఫ్రిజ్ ఉందే, అంత. ఇంకొకడైతే కుడికి కోసి పక్కనుంచి పోతాడు. వాడి వెనక వందమంది పోతారు, అక్కడ కొత్త బాట పుడుతుంది, మెరిల్ ముప్పై ఏళ్ళు పోట్లాడింది దాని మీదే. నేను పోలేదు. జీపు విప్పేశాను."

"ఏం విప్పావు?" థేన్ గ్లాసు కింద పెట్టాడు.

"మొత్తం. చక్రాలు, తలుపులు, సీట్లు, ఇంజను. ఒక్కొక్క ముక్కా భుజాన వేసుకుని రాయెక్కి అవతల దించాను. ఇంజను మోసేటప్పుడు మాత్రం కొంచెం తుమ్మొచ్చింది. అవతల మళ్ళీ బిగించాను. నలభై నిమిషాలు. మధ్యలో భోజనం కూడా చేశాను. అంతా అయ్యాక ఒక బోల్టు మిగిలింది. అది లేకపోతేనే బండి బాగా నడిచింది, అందుకని ఆ బోల్టు ఆ కంపెనీవాళ్ళకి పంపుదామనుకుంటున్నాను."

నెడ్రా వేయించిన బంగాళాదుంపల పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టి, తినమనలేదు, ముందు కానీయండి అంది. శ్రోతలకి అంత రుచి పట్టాక ఆగడం నా వల్ల కాదు. ఐదో మైల్లో వరద తెచ్చాను. ఆకాశంలో మబ్బు ముక్క లేకుండా వాగు విరుచుకుపడిందనీ, జీపు నేల నుంచి నాలుగడుగులు పైకి తేలి బాట వంపుల వెంబడే, ఒక్క వంపు తప్పకుండా, మకాం దాకా కొట్టుకుపోయిందనీ, నేలకి చక్రం తగలకుండా ఆరో మైలు నమోదు చేసినవాడు ఈ రాష్ట్రంలో నేనొక్కణ్ణేననీ చెప్పాను. మకాం దగ్గర జీపు తిప్పుకుందామంటే గడ్డి నలుగుతుంది. అందుకని కొండ గొర్రెలు పదకొండు దిగొచ్చి, కొమ్ముల మీద జీపు ఎత్తి, వెనక్కి తిప్పి, మెల్లగా దించాయి. పదకొండోది కుంటిది. బాటకి ఆ పేరు దాని ముత్తవ్వ వల్లే వచ్చిందని అదే చెప్పింది.

"ఏ భాషలో?" అన్నాడు థేన్.

"నేను కాలేజీలో రెండేళ్ళు లాటిన్ చదివాను," అన్నాను.

థేన్ నవ్వి నవ్వి దగ్గాడు. నెడ్రా కొంగు లేని లోటు చేతితుండుతో తీర్చుకుంది. వదిన మాత్రం నవ్వలేదు. ఫోటోలు రెండు కట్టలుగా చేసి, ఒక కట్ట మోకాలి మీద పెట్టుకుంది.

"డెల్బర్ట్, వెనక్కి చూసి తీసినవి ఇరవై రెండు ఉన్నాయి," అంది. "ఒక్కదాంట్లోనూ టైరు గుర్తు లేదు."

"చీపురు కట్టానన్నాగా వదినా."

దానికి థేన్ బల్ల చరిచాడు. నాకూ ముచ్చటేసింది, అబద్ధానికి అబద్ధం అంత చక్కగా అతికినందుకు. వదిన ఒక ఫోటో తీసి నా చేతిలో పెట్టింది. మూడో చీలిక. మెత్తటి ఇసుకలో ఒక జత బూటు గుర్తులు, పక్కన చేతికర్ర పొడిచిన చుక్కలు, అవి అలా వెనక్కి, మలుపు దాకా.

"ఆ చీపురు వీటిని ఎందుకు వదిలేసింది?"

జీపు ఎక్కడ ఆగిందని థేన్ మెల్లగా అడిగాడు. అర మైలు దగ్గర, స్టార్టరు పోయిందని చెప్పాను. ఆ మిగతాది నడిచాను. డెబ్బై రెండేళ్ళ కాళ్ళు, రానూపోనూ పదకొండు మైళ్ళు. చీకటి పడక ముందు జీపు దగ్గరికి వచ్చి, రోడ్డు మీదకి నడిచి, ఎవరి లారీతోనో జీపు లాగించుకుని ఇల్లు చేరాను. ఇదంతా గొప్పగానే చెప్పుకోవచ్చు కదా అని మీరనవచ్చు. అక్కడే ఉంది చిక్కు. ఫారంలో వాహనం ఏది అని ఒక గడి ఉంటుంది. అందులో కాలినడక అని రాస్తే ఆఫీసువాళ్ళు దాన్ని నడక బాట కింద వేస్తారు. నడక బాట మీద జీపు పోకూడదు. నేను జీపు అని రాశాను.

"నడిచావు, సంతోషం," అంది వదిన. "నా కోసం నడిచావని తెలుసు. నాకు ఒక్కటే చెప్పు. ఆ రాయి పాములాంటిదా, నిజమా?"

నిజమే అన్నాను.

"ఫ్రిజ్ అంత ఉందా?"

"అంత ఉంది."

ఆమె ఫారం తీసి చదివింది, అక్షరం అక్షరం. "అడ్డంకులు: లేవు."

రాయి ఉందని రాస్తే మూసేస్తారని నేను గొణిగాను. శుక్రవారం గడువనీ, ఒకసారి మ్యాపులోకి ఎక్కితే రాయి సంగతి తర్వాత చూసుకోవచ్చనీ ఏదో అన్నాను. ఆమె కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఈ మ్యాపు నమ్ముకుని ఎవరో పిల్లల్ని ఎక్కించుకుని వస్తారు. రాయి దగ్గర ఆగుతారు. వెనక్కి రాలేక కుడి పక్కకి కోస్తారు. మెరిల్ ముప్పై ఏళ్ళలో తను చూడనిది ఒక్క ముక్క రాయలేదు డెల్బర్ట్. నేను ఆ చెట్ల కింద కూర్చోవాలని ఎంత ఉందో నీకు తెలుసు. ఈ కాగితం మీద మాత్రం కూర్చోను."

ఫారం మడిచి నాకు ఇచ్చేసింది. సంతకం పెట్టలేదు. నా జీవితంలో నా కోతలకి నవ్వినవాళ్ళున్నారు, లేచిపోయినవాళ్ళున్నారు, ఒకడు చెప్పు కూడా చూపించాడు. తలెత్తలేకపోవడం అదే మొదటిసారి. కాసేపటికి థేన్ టోపీ పెట్టుకుని లేచాడు. మంగళవారం అయింది, ఇంకా మూడు రోజులుంది, మెరిల్ జీపు తన షెడ్డులో ఉంది, రేపు పొద్దున ఆరింటికి బయలుదేరదాం అన్నాడు. వదిన వంక చూసి, ముందు సీటు నీది అన్నాడు.

బుధవారం నలుగురం వెళ్ళాం. నెడ్రా కొట్టుకి తాళం వేసి వచ్చింది, పెళ్ళయ్యాక అది రెండోసారట. రాయి దగ్గర ఆగి, ఎంతుందో టేపుతో కొలిచి, నాలుగు పక్కల నుంచీ ఫోటోలు తీశాం. కొండ ఎక్కి ఫోను అందేచోటికి వెళ్ళి థేన్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. పక్కనుంచి పోకుండా, ఉన్న బాటలోనే, రాయిని కొండవైపుకి జరుపుకోవచ్చన్నారు. రెండు జాకీలు, మూడు గునపాలు, ఐదు గంటలు. నా వంతు గునపం నేను పట్టాను, రాయి ఎంత బరువో ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. జానెడున్నర కదిలింది. థేన్ రెండు అద్దాలూ మడిచి, ఇంచు ఇంచూ జీపు దూర్చాడు. వదిన సీట్లో కూర్చునే ఫారం రాసింది. వాహనం: జీపు. అడ్డంకులు: ఒక రాయి, జరిపాం, చిన్న బండ్లు మాత్రమే పడతాయి.

మకాం దగ్గర ఆకులు సగం పసుపు, సగం ఆకుపచ్చ. ఆమె ఊట పక్కన రేకు కుర్చీలో కూర్చుని, బూట్లు విప్పమని నెడ్రాని అడిగి, పాదాలు నీళ్ళలో పెట్టుకుంది. చల్లగా ఉన్నాయా అని అడిగితే, ఎప్పటిలాగే అంది.

శుక్రవారం మధ్యాహ్నం కాగితాలు ఇచ్చాం. వసంతంలో మ్యాపు వచ్చింది. కుంటి గొర్రె బాట అందులో సన్నటి చుక్కల గీత, పక్కన చిన్న బండ్లకి మాత్రమే అని రాసి ఉంది. ఆ గీత మీద వదిన ఇంకా నాలుగు అక్టోబర్లు వెళ్ళింది. ఐదో అక్టోబరుకి ముందే, 2021 ఫిబ్రవరిలో, నిద్రలో పోయింది.

వీలునామా నెడ్రా కొట్లోనే చదివారు. మెరిల్ జీపు నెడ్రాకి. మెరిల్ ముప్పై ఏళ్ళ బాట పుస్తకాలు థేన్‌కి. పుట్టి బుద్ధెరిగాక పుస్తకం ముట్టని మనిషి, ఇప్పుడు సాయంత్రాలు కళ్ళజోడు పెట్టుకుని ఏ ఏడు ఏ మలుపులో ఎంత ఇసుక మేట వేసిందో మాకు చదివి వినిపిస్తాడు. గునపాలూ జాకీలూ బాటల సంఘానికి, ఇల్లు మేనకోడలికి. లాయరు కాగితం తిరగేసి, ఇంకో పక్క కూడా చూసి, అంతే అన్నాడు. నాకు ఏమీ రాలేదు. నా వాటా ఆ మంగళవారమే చేతికిచ్చేసింది, సంతకం లేని ఆ ఫారం.